ఆపుడు ముక్క

జూన్ 3, సోమవారం
బట్టలు రెండు వాయిలు ఉతికాను. ఫ్రిజ్ తుడిచాను. ఇస్త్రీ సగమైంది, మిగతా సగం రేపటి ఖాతాలో.

కొత్త పద్దు: అమ్మాయి నేర్పిన మంత్రాల ముక్కల ఆటలో ఈయనను ఒక్కసారైనా ఓడించాలి. శనివారం నేను గెలిస్తే మర్నాడు వంటిల్లు ఆయనది. అదీ పందెం. పెళ్ళయిన నాటి నుంచి నాకు ఆదివారాలు బాకీ ఉన్నాయి. కేలండర్లో ఎర్రగా కనిపిస్తాయి కానీ చేతికి రావు.

"నువ్వు గెలిచినప్పుడు చూద్దాంలేవోయ్" అన్నారు. ఎంత పెద్ద మనసో!

గెలవాలంటే ఆపుడు ముక్క వాడటం రావాలట. అమ్మాయి దాన్ని కౌంటర్ అంటుంది. అవతలివాళ్ళు మంత్రం వేశాక, అది పనిచేసే లోపు ఈ ముక్క వేస్తే ఆ మంత్రం చెత్తబుట్టలోకి. అంతే! ఇదీ ఒక విద్యేనా? శనివారానికల్లా వచ్చేస్తుంది.

జూన్ 5, బుధవారం
మధ్యాహ్నం పాఠం.

"అమ్మా, వేసినవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. పైనున్నది ముందు పనిచేస్తుంది."

కడిగిన పళ్ళేల దొంతర! చివర పెట్టింది ముందు తీస్తాం. దొంతరల సంగతి నాకు చెప్పాలా?

సాయంత్రం సాధన. ఆయన చేయి లేచింది. "ఆగండి!" అని నా ఆపుడు ముక్క బల్ల మీద కొట్టాను.

"చెవి గోక్కుంటున్నానోయ్."

"అమ్మా, వేయని మంత్రాన్ని ఆపలేవు. పైగా నీ దగ్గరేముందో చూపించేశావు."

ముందుచూపు కాస్త ఎక్కువైంది. అది దోషమేమీ కాదు.

జూన్ 8, శనివారం
ఈసారి తొందరపడలేదు. ఆయన ఒక పెద్ద రాక్షసుణ్ణి వేశారు. బొమ్మ చూశాను. కళ్ళజోడు పెట్టుకుని కింది చిన్నక్షరాలన్నీ చదివాను. "సరే" అన్నాను. ఆ తర్వాత నా ముక్క తీశాను.

"సరే అన్నాక మళ్ళీ ఇదేమిటోయ్?"

"చదవడం అయిందని సరే అన్నాను."

"సరే అంటే వాడు దిగిపోయినట్టేనమ్మా. దిగినవాణ్ణి ఇది ఆపదు" అంది అమ్మాయి.

ఆ రాక్షసుడు నన్ను మూడు విడతల్లో తినేశాడు.

జూన్ 9, ఆదివారం
వంట నేనే. పైగా ఆయన స్నేహితులు నలుగురు భోజనానికి! పిలిచిన సంగతి వాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా తెలిసింది.

"ముందే చెబితే సగం మాటలోనే వద్దంటావుగా" అని వివరణ ఇచ్చారు. చాలా తృప్తిగా ఉంది.

జూన్ 12, బుధవారం
సాధన చేయలేదు. కారణాలు: కుళాయి కారుతోంది. ఇస్త్రీ మిగిలింది. కళ్ళజోడు కనబడలేదు (తల మీదే ఉంది).

జూన్ 15, శనివారం
కొత్త ఉపాయం: పొదుపు. చిన్న మంత్రానికి ఆపుడు ముక్క ఖర్చు చేయడం దుబారా. మధ్యరకం వచ్చింది, పోనిచ్చాను. పెద్దదే వచ్చింది, ఇంతకంటే పెద్దది రాదని ఎవరు చెప్పొచ్చారు? ఈలోగా ఆట అయిపోయింది. నా చేతిలో రెండు ఆపుడు ముక్కలు అంచు నలగకుండా ఉన్నాయి.

"మనవలకు దాస్తున్నావా అమ్మా?"

ఇక ఈ ఆట నాకొద్దు! ముక్కలన్నీ డబ్బాలో పెట్టి అల్మారా పై అరలోకి నెట్టాను.

ఆయన గెలిచిన హుషారులో ఫోను తీశారు. "రేపు మా ఆఫీసువాళ్ళను భోజనానికి పిలుస్తున్నానోయ్. ఆరుగురే."

హుషారులో ముందే చెప్పేశారు, పాపం. మామూలుగా అయితే "ఆఫీసు" దగ్గరే అడ్డం పడేదాన్ని. ఓడి నీరసంగా ఉన్నానేమో, మాట పూర్తి కానిచ్చాను. ఆయన బొటనవేలు ఇంకా ఫోను మీద దిగలేదు. అప్పుడన్నాను:

"పిలవండి. రేపు నేను వంటింట్లోకి రాను."

వేలు గాల్లోనే ఆగింది. "అదేమిటి, పందెం ఓడావుగా?"

"నేను గెలిస్తే మీరు వండాలన్నది పందెం. ఓడితే నేను వండాలని ఎక్కడా అనుకోలేదు."

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. "నాన్నా, వేయడానికి నీ దగ్గర ఏమైనా ఉందా?"

ఆయన నిజంగానే జేబులు తడుముకున్నారు. తర్వాత ఫోను లోపల పెట్టేశారు.

జూన్ 16, ఆదివారం
చేసిన పనులు: లేవు. మరోసారి ఆలోచించాను. లేవు.

వంట ఆయనే చేశారు. కూర అడుగంటింది. అన్నం ముద్దయింది.

"ఎలా ఉందోయ్?"

చెప్పాల్సింది గిన్నె పొయ్యి మీద ఉన్నప్పుడు. అప్పుడు నేను నిద్రపోతున్నాను, మహా గొప్పగా. ఇప్పుడు చెప్పి లాభమేముంది? మారు వడ్డించుకున్నాను. ఆయన ముఖం చూడాలి!

ఆటలో మాత్రం తానే గెలిచానని పొద్దుట్నుంచి గుర్తుచేస్తూనే ఉన్నారు. సాయంత్రం స్టూలు వేసుకుని డబ్బా కిందికి దించాను. వచ్చే శనివారం తప్పకుండా ఓడిస్తాను. రేపు మధ్యాహ్నం మళ్ళీ ఒకటో పాఠం.

ఆదివారాల బాకీలో ఒకటి చెల్లు.