గోడల చుట్టూ పట్టీ

సత్యా,

జబల్పూర్ భూకంపంలో ఇంటి గోడ కూలి నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కూతురు రమ నా దగ్గరే, మన కాలనీ సెక్టర్ 7 ఇంట్లో ఉంది. భూకంపానికి కూలని ఇళ్ళు కట్టడం నేర్పే ఒక సేవాసంస్థలో చేరింది. ఎండలో తిరగొద్దంటే వినదు, నీ పోలికే.

నిన్న ఇక్కడికి దగ్గరి ఊరు కుమ్హారిలో ఒక ఇంటికి, భూమి కదిలినా గోడలు విడిపోకుండా, తలుపుల పైన గోడల చుట్టూ ఇనుప చువ్వలతో కాంక్రీటు పట్టీ వేయించింది. నేనూ వెళ్ళాను. అక్కడ పని చేస్తున్న మన శ్రీకాకుళం మేస్త్రీ నవ్వాడు.

"ఇంత ఇనుమేటమ్మా? ఇల్లు కడతన్నామా, బ్రిడ్జి కడతన్నామా?"

"బ్రిడ్జి దాటి వెళ్ళిపోతాం, మేస్త్రీగారూ. ఇంట్లో నిద్రపోతాం," అంది రమ.

అతను చువ్వలు వంచాడు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "ఆదివారం మా ఇల్లు కూడా ఓపాలి సూస్తారేటమ్మా?" అని అడిగాడు.

మామూలుగా ఆదివారాలు రమను ఇల్లు కదలనివ్వను నేను. ఈసారి మాత్రం వెళ్ళిరమ్మని, దారిలోకి ఇడ్లీలు కట్టి ఇస్తానన్నాను.

అమ్మ