నీ నోటుబుక్కులో ఫ్రాంకులు

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఇక్కడ మన పేట పెండిల్ హిల్ చర్చిలో ప్రార్థన చేయించి వచ్చాం.

జర్మనీలో నర్సు చదువు ముగించుకొచ్చి, పెళ్లికి నాకు స్విస్ గడియారం ఇచ్చావు. చదువుకునే పిల్లకు అంత డబ్బెక్కడిది, ఎవడో ఇచ్చి ఉంటాడనుకున్నాను. నిన్ను అడగలేదు, దాన్ని కట్టుకోనూ లేదు. నీ నోటుబుక్కు నిండా తేదీలు, అంకెలు చూశాక అనుమానం ఇంకా ముదిరింది.

మొన్న అది మన మనవరాలు గ్రేస్‌కి చూపించాను.

“తాతయ్యా, ఇవి ఎక్స్చేంజ్ రేట్స్! వంద స్విస్ ఫ్రాంకులకి ఎన్ని జర్మన్ మార్కులో. యూనివర్సిటీలో మా సబ్జెక్టే ఇది. అమ్మమ్మ సో స్మార్ట్!”

“నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పట్లేదు కదా?”

“ఓ గాడ్! నువ్వే డేట్ చెప్పు, నెట్‌లో పాత రేట్స్ చెక్ చేద్దాం.”

ఏడు తేదీలు అడిగాను. ఏడూ కలిశాయి. అన్నిటికన్నా తక్కువ రేటు చివరిది. దాని చుట్టూ సున్నా చుట్టావు. నీ మార్కులు దాచుకుని, ఫ్రాంకు చవకయ్యేదాకా కాచుకున్నావన్నమాట. అప్పటికీ నమ్మకం చాలక గడియారం పెట్టెలో రసీదు తీశాను. స్విట్జర్లాండ్ కొట్టుది, నువ్వు సున్నా చుట్టిన రోజుకి మర్నాటి తేదీ.

ఇవాళ కీ ఇచ్చాను. నడుస్తోంది. అప్పటి నా చేతికి సరిపడా కొన్నావు. ఇప్పుడు చెయ్యి సన్నబడింది, పట్టీకి ఇంకో చిల్లు పొడిపించాలి.

దాసు