మూడో లొట్టి

టెక్కలి,
12 మే 1968.

ఇందుమతి మేడమ్ గారికి,

వసుంధర నమస్కరించి రాయునది. సెలవులకు ఇల్లు చేరి వారమైంది. అమ్మ, నాన్నగారు కులాసా. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

గురువారం మన వ్యాసం పత్రికకు పంపుతానన్నారు. దయచేసి ఆపండి. అందులో నా పేరు కూడా ఉంటుందని నాన్నగారు ఆఫీసంతా చెప్పేశారు. అయినా ఆపండి. ఎందుకో సరిగ్గా చెప్పగలనో లేదో తెలియడం లేదు.

రొట్టెల ఈస్టులోని మైటోకాండ్రియా కాల్షియాన్ని లోపలికి తీసుకోలేదు. నేను ఉద్దానం నుంచి తెచ్చిన తాటికల్లు ఈస్టువి తీసుకున్నాయి. వాటి గుమ్మంలో ఏదో ప్రోటీన్ ఉండి కాల్షియాన్ని రానిస్తోందని మీరు రాశారు. ఆ వాక్యం నాకెంతో నచ్చింది.

ఇంకొంచెం కల్లు కోసం నిన్న వజ్రపుకొత్తూరు దగ్గర కల్లు గీసే బైరాగి ఇంటికి మళ్లీ వెళ్లాను. దీంతో ఏటి సేత్తారమ్మా అని అతని భార్య గౌరి అడిగింది. కల్లును పులియబెట్టే ప్రతి నలుసులోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయనీ, ఎవరిని రానివ్వాలో చూడడానికి వాటి గుమ్మంలో ఒకరు కూర్చుంటారనీ చెప్పాను. అయితే మా అత్తే, ఆవిడ గుమ్మంలో కూకుంటే ఈగైనా దూరదు అంది. మరి నువ్వెలగ దూరినావే అని లోపలి నుంచి ముసలావిడ కేకేసింది.

బైరాగి నవ్వలేదు. పోయినసారి నేను పుస్తకం తెరిచి ఏ చెట్టు, ఏ రోజు గీశారు అని రాసుకుంటుంటే, అబ్కారీ వాళ్ల మనిషిననుకున్నాడట. మద్యనిషేధం కదా. అందుకని బెల్లానికి దించే లొట్లు, కల్లు పులవకుండా లోపల సున్నం రాసిన కుండలు, నాకిచ్చాడట. పట్టించీడానికొచ్చినారనుకున్నాను తల్లీ అన్నాడు. సదువుకున్నోరు, లొట్టిలో సెయ్యెట్టి సూడరేటి అంది గౌరి.

సున్నమంటే కాల్షియమే కదా మేడమ్. సున్నం ఉన్నా ఆలస్యంగానైనా పులిసిన ఆ కల్లులోనే ఈస్టును పెంచాను. మనం కొలిచింది మైటోకాండ్రియా తీసుకున్నదా, ముందే అంటుకుని వచ్చినదా? మూడుసార్లు కడిగాను. కడిగితే పోతుందా? సున్నమూ ఉండి, ప్రోటీనూ నిజంగానే ఉంటే? పూండిలో రైలెక్కినప్పుడు ఉందనుకున్నాను. నౌపడ ఉప్పుమడులు కనిపించేసరికి లేదనుకున్నాను. ఇంటికొచ్చాక ఏమీ అనుకోలేకపోయాను.

మీరే చెప్పాలి.

మీ విద్యార్థిని,
వసుంధర

తా.క. నా నోటుపుస్తకంలో రెండు లొట్లే ఉన్నాయి. తెచ్చినవి మూడు. మూడోది గౌరి తమ ఇంటి కోసం ఉంచుకున్నది. మొగుడికి తెలియకుండా నా సంచిలో పెట్టింది. సున్నం లేనిది అదొక్కటేనని నిన్న తెలిసింది. మార్చిలో దాని అంకె అచ్చం రొట్టెల ఈస్టులాగే వచ్చింది. మిగతా రెండింటి అంకెలు చూసి ఆ సాయంత్రం మీరు చాలా సంతోషంగా ఉన్నారు. ఆ పేజీ చింపేశాను. పారేయలేకపోయాను. ఈ కవరులోనే ఉంది.