రెండో పేజీలో ఉన్న సంగతి

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు.

మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పకుండానే వేదికెక్కి గర్జించేవాణ్ణి ఏమనాలో చెప్పగలవా? ఆ పేరేదో నాకే పెట్టు, పడతాను.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నా మీద అరుపులే తగ్గలేదు. మీ ల్యాబ్‌లో అణువుల్ని పట్టి ఉంచే ఆ రెండు గాజు గదులు మళ్లీ పనిచేస్తున్నాయని సంతోషించాను.

నువ్వడిగినట్టే నీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. అంటే, సగం. దూరంగా ఉన్న రెండు అణువుల మధ్య కంటికి కనపడని బంధం ఉంటుందని, దాన్ని క్వాంటం చిక్కుముడి అంటారని మొదటి పేజీలో రాశావు. మన వెల్డింగ్ షాపులో మాస్కు పక్కన పడేసి అక్కడే గంతేశాను. ఆదివారం సంఘంలో ప్రసంగం చేస్తూ బల్ల గుద్ది చెప్పాను: "ఒకసారి కలిసినవి ఎంత దూరమైనా, ఎన్నేళ్లైనా విడిపోవు! అణువులే సాక్ష్యం!"

ముందు వరసలో టైలరమ్మ లేచింది. "అయితే అయ్యగారూ, మా అక్కతో నేను మాట్లాడకపోయినా నష్టం లేదన్నమాట. బతికించారు!"

అందరూ నవ్వారు. నేను మాత్రం ప్రార్థన త్వరగా ముగించాను. ఇంటికొచ్చి, పరిశుద్ధ గ్రంథంలో పెట్టిన నీ రెండో పేజీ తీశాను.

ఆ బంధం దానంతటదే నిలవదని రాశావు. చుట్టూ ఉన్నది దాన్ని తినేస్తూనే ఉంటుందట. కొన్నిసార్లు ఎంతో కొంత మిగలడం కూడా ఉండదు, ఒకానొక క్షణాన పూర్తిగా సున్నా అయిపోతుందట. అప్పటికీ ఒక్కో అణువులో శక్తి మిగిలే ఉంటుందట! అతుకుల సంగతి నాకు తెలుసమ్మా. పైకి బాగానే ఉంటుంది, లోపల తుప్పు తిని ఒక్కసారే ఊడుతుంది.

ఇక నీ చివరి ప్రశ్న. "అన్నయ్య ఏమైనా రాశాడా?" అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ లేదన్నాను.

అబద్ధం. వాడు ఇంటికి నీ పేరున రాసిన ఉత్తరం ఎనిమిది నెలలుగా నా గ్రంథంలో ఉంది, అదీ సహోదరుడితో సమాధానపడమని చెప్పే అధ్యాయంలో. నాతో గొడవపడి ఇల్లు వదిలినవాడు ముందు నాకు కదా రాయాలి అన్న పొగరుతో కవరు చించి, చదివి, దాచేశాను. "చెల్లీ, ఆ రోజు నువ్వు నాన్న వైపు మాట్లాడావని కోపం లేదు. ఈ నంబరుకి ఒక్కసారి ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే నీకిష్టం లేదనుకుంటాను" అని ఉంది. ఇదే కవరులో పెడుతున్నాను. ఫోన్లో చెబితే మాటలతో తప్పించుకుంటానని కాగితం మీద పెట్టాను.

మీ అమ్మకి చెప్పాను. "మీ బోధ ముందు మీకు చెప్పుకోండి" అంది. చెప్పుకుని వాడికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశాడు. నాకు తగిన శాస్తే. కానీ నంబరు మారలేదమ్మా!

ఆ సున్నా క్షణానికి ముందైతే, ఒక్క అణువు దగ్గర సరైన పని చేసినా దాన్ని తప్పించవచ్చని నువ్వే రాశావు. దాటాక చేస్తే ఫలితం లేదనీ నువ్వే రాశావు. ఆ క్షణం ఎప్పుడో మనకెవరికీ తెలియదు. గాజు గదులు రేపటిదాకా ఆగుతాయి. ఈ కాగితం మడవకముందే, ఈ రోజే, ఇప్పుడే, అన్నకి ఫోన్ చెయ్యి!

ఇట్లు,
రెండో పేజీ ఆలస్యంగా తిప్పిన మీ నాన్న