ఫ్రిజ్ పుస్తకంలో రాజు

విద్యాధికారి గారి సముఖమునకు, తాళాలు బాగుచేయువాడు పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తెకు ఆరో తరగతి సీటు నిలిపివేయుట గురించి.

1. తమ ఆఫీసు గేటు పక్క తాళాల బండి నాది. పెద్దబడి ప్రవేశ పరీక్షలో నా కుమార్తెకు మొదటి స్థానం వచ్చినది. హెడ్మాస్టరు గారు "ఇంట్లో ఒక్కరికీ అక్షరం ముక్క రాదు, ఈ పిల్లకి నూటికి తొంభై ఆరు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి? కాపీ కొట్టుంటుంది" అని పదిమందిలో అని, ఫలితం నిలిపివేసినారు. శనివారంలోగా తేలనిచో సీటు రెండో స్థానం వారికి పోవును.

2. సదరు రెండో స్థానం, నా బండి పక్కన కూర్చుని అర్జీలు వ్రాసే ఆయన మేనకోడలిది. ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనిది, ఆయన ఈ వారం అడక్కుండానే నాకు టీ ఇప్పించుచున్నాడు. ఎందుకు? అందుచేత ఇది ఆయనతో వ్రాయించలేదు. ఈ భాష మాత్రం ఆయన నోట విని విని పట్టుబడినదే.

3. ఇంట్లో చదువు లేదనుట అబద్ధం. పిల్లకు మూడో ఏడు వచ్చినది మొదలు రోజూ సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుని, తాళం తీసినందుకు ఒక ఇంటివారిచ్చిన పుస్తకం చదివి వినిపించితిని. వరసవెంట వేలు జరుపుతూ, చలికోటలో రాజు కథ. "ఇదేం అక్షరం నాన్నా?" అనేది. "ముందు కథ విను" అనేవాణ్ణి. మర్నాడు ఎదురింటి నర్సుని అడిగి నేర్చుకునేది.

4. పై పేరా చెప్పి వ్రాయించుచుండగా పిల్ల పెన్ను ఆపినది.

"నాన్నా, అది ఫ్రిజ్ ఎలా వాడాలో చెప్పే పుస్తకం. అందులో రాజు లేడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఒకటో తరగతిలో."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే చదవడం మానేస్తావని."

అయ్యా, నాకు చదువు రాదు. మా ఇంట్లో ఫ్రిజ్జూ లేదు, బొమ్మలో మంచూ తలుపులూ చూసి చలికోట అనుకున్నాను. నాలుగేళ్లుగా ఇంత గుట్టుగా ఉన్న పిల్ల కాపీ కూడా కొట్టిందేమో అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చినది. వెంటనే లెంపలు వేసుకుని ఏడ్చినాను.

5. కావున తమ బీరువాలోంచి ఎవరూ ముట్టని పుస్తకం తీసి, పిల్లచేత తమరే చదివించి చూడవలెను. బీరువా తాళం రాకపోతే కబురంపండి, ఊరికే తీసిపెడతాను.

ఈ మాత్రం దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాళాల బండివాడు (వేలిముద్ర)

తా.క.: వ్రాసినది పిల్ల చదివి వినిపించినది. నేను చెప్పినదానికన్నా బాగున్నది. చదువుతుండగా పిల్ల వేలు ఒకచోట, మాట ఒకచోట నడిచినట్లు అనుమానం. ఇందులో ఎక్కడైనా రాజు కనబడితే పిల్లను ఏమీ అనవద్దు. ఆ చదువు మాత్రం ఇంట్లో నేర్పినదే.