బావ బాదిన డిక్కీ

ఆదివారం, రాత్రి

నా కారు తీసుకెళ్లి, కంది బస్తాలు కుక్కి, డిక్కీ తలుపు దబదబా బాది లాక్ మోటర్ పాడుచేసింది బావే. ఈరోజు నేను డిక్కీలో దూరి కొత్త మోటర్ బిగిస్తుంటే, కుర్చీలో కూర్చుని సలహాలిచ్చిందీ ఆ మహానుభావుడే. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాని మనిషి!

ఫోన్ లైటు చూపిస్తున్న అక్క చెయ్యి కాస్త కదిలింది.

"లైటు పట్టుడు గూడ రాదా నీకు?" అని అరిచాడు.

అక్క నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

మోటర్ పనిచేసింది. వెంటనే ఎవరికో ఫోన్ చేసి, "నేనే బాగుచేసిన" అన్నాడు. సిగ్గులేని జన్మ.

పోయేటప్పుడు, "రేపు బండి ఇయ్యి బామ్మర్దీ" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క, "ఇయ్యకు తమ్మీ" అంది.

అతని ముఖం చూసి అప్పుడు నవ్వొచ్చింది. వాళ్ల ఊరు సిర్గాపూర్ చేరాక అక్కను ఏమన్నాడో...