పెనం ముందు నా చోటు

మార్చి 4
మా టిఫిన్ కొట్టుకొచ్చే స్కూల్ పిల్లకి పీనట్ బటర్ టోస్ట్ ఇచ్చాను. దానికి వేరుశనగ పడదు, తింటే గొంతు వాచిపోతుంది. నాకు ఎప్పట్నుంచో తెలుసు. కోడలు పేయిన్ చూసి లాక్కుంది కాబట్టి సరిపోయింది.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఈ చియాయి ఊళ్ళో మా వీధివాళ్ళ రుచులన్నీ నా బుర్రలోనే ఉండేవి. మొహం కనపడగానే పెనం మీద గుడ్డు పడేది. ఇప్పుడు మొహం తెలుస్తుంది, ఏం తింటాడో గుర్తు రాదు. "అందగాడా, ఏం పెట్టను?" అని నవ్వుతూ నెట్టుకొస్తున్నాను.

మార్చి 5
పేయిన్ ఆర్డర్ స్లిప్పులు అచ్చు వేయించింది. కస్టమర్లే టిక్ పెడతారట. నేను హాయిగా గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చట. ఒళ్ళు మండింది. పెనం లాక్కోవడానికి ఎన్ని తీపి మాటలో!

మార్చి 7
అమ్మకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అంది. అందుకే నా కిడ్నీలకి డయాలిసిస్ చేసే చోట డాక్టరమ్మ కో గారు ఎప్పుడడిగినా బానే ఉన్నానంటున్నాను.

మార్చి 14
పొద్దున ఇంటి మెట్ల మధ్యలో కూలబడ్డాను. అది చూసి పేయిన్ నాతోపాటు డయాలిసిస్‌కి వచ్చి టోస్ట్ సంగతంతా డాక్టరమ్మ ముందు కక్కేసింది. దీని నోరు పడ!

హిమోగ్లోబిన్ ఏడున్నరకి పడిపోయిందట. రక్తం పెరగడానికి ఇంజెక్షన్ ఇస్తున్నా ఒంట్లో ఐరన్ అడుగంటిందట. రక్తం తగ్గితే బుర్ర కూడా మందగించవచ్చట. ఇక ఆగలేక అడిగేశాను, ఇది మా అమ్మ జబ్బేనా అని.

"ఇప్పుడే చెప్పలేను. ముందు రక్తం సంగతి చూద్దాం. అంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వను," అంది.

ఏడ్చాను. తర్వాత తేలిగ్గా అనిపించింది.

ఏప్రిల్ 2
ఐరన్ ఎక్కిస్తున్నారు. పేయిన్‌తో రాజీ కుదిరింది. పెనం నాది, స్లిప్పు చదివేది తను. నేనేదో చెవిటిదాన్నైనట్టు అరిచి మరీ చదువుతుంది.

ఏప్రిల్ 22
పోస్ట్‌మాన్ వచ్చాడు. అతను స్లిప్పు రాసేలోపే ఉల్లికాడలు లేకుండా ముల్లంగి అట్టు పెనం మీద వేసేశాను. పేయిన్ స్లిప్పు చూసింది. అదే! స్లిప్పు మడిచి గల్లాపెట్టెలో పడేసింది. నేను మాత్రం లోపల గంతులేశాను.

మే 7
హిమోగ్లోబిన్ పదిన్నర. ఇంకా పెంచమంటే డాక్టర్ ససేమిరా అంది, మరీ ఎక్కువైనా ప్రమాదమేనట. బ్యాంకు అమ్మాయి టీలో చక్కెర వేయాలో వద్దో ఇంకా గుర్తు రావడం లేదు. పోనీలే, స్లిప్పుంది.

మే 13, ఉదయం 7
స్కూల్ పిల్ల మార్చి తర్వాత మళ్ళీ ఇవాళే వచ్చింది. స్లిప్పు తీసుకుంది. ముందు నేను చెప్తాను, తప్పైతే అప్పుడు రాయి అన్నాను.

"చీజ్ టోస్ట్. సోయా పాలు, వేడిగా. వేరుశనగ తగలని కత్తితో."

పెన్సిల్ కింద పెట్టేసింది.